నా టేబుల్ కింది కంప్యూటర్

సెప్టెంబర్ 8, సోమవారం

శ్రీహరి పొద్దున్నే నా టేబుల్ దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఓనరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడంటే నా నెత్తిన ఏదో మోపబోతున్నాడని అర్థం.

"శ్యాం, మన పత్తి సాఫ్ట్‌వేర్ నీ ఒక్కని కంప్యూటర్ల్నే నడుస్తది. నువ్వొక్క దినం రాకుంటె ఆఫీసంత చేతులు కట్టుకొని కూసుంటది. గిట్లయితె ఎట్లరా?"

నాకైతే పొగడ్తలాగే వినిపించింది. చాయ్ తాగే దాకా ఆ సంతోషంలోనే ఉన్నాను. చాయ్ అయ్యాక అసలు సంగతి బయటపడింది. వందన అని కొత్తగా చేరిన పిల్ల వెళ్లి చెప్పిందట, వచ్చి రెండు వారాలైనా తన లాప్‌టాప్ మీద మన సాఫ్ట్‌వేర్ లేవడం లేదని, ఒకటి పెడితే ఇంకోటి అలుగుతోందని. ఆ ముక్క నాతో అనొచ్చు కదా. పక్క టేబులే. ఓనరు గదిలోకి వెళ్లి చెప్పాలా?

ఇప్పుడంతా డాకర్ కాలం. ప్రోగ్రాము, దాని డేటాబేస్, దానికి కావలసిన సరంజామా మొత్తం కంటెయినర్లలో సర్ది ఇస్తే ఎవరి మెషీన్ మీదైనా ఒక్క కమాండ్‌తో లేచి నిలబడుతుంది. "గట్ల చేసియ్యిరా, నీకు ఎడమచేతి పని" అన్నాడు శ్రీహరి. నిజమే. అసలు రెండేళ్ల కిందటే ఇది చేద్దామని నేనే చెప్పాను. చెప్పాననే గుర్తు.

సరే, చేస్తాను. ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లు సేటు అక్టోబర్ చివర్లో మన సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటున్నాడు. అక్కడొక ఆఫీసు తెరవాలి, దానికొక ఇంచార్జి కావాలి. నేను కాకపోతే ఇంకెవరున్నారు? ఆగస్టులో ఆ సేటు దగ్గర కూర్చుని వివరాలన్నీ తెచ్చిందీ నేనే. శ్రీహరి నోటితో అనలేదు గానీ, పాలిటెక్నిక్‌లో ఇద్దరిదీ ఒకే బెంచీ. కరీంనగర్ బస్టాండ్ వెనక నెట్ సెంటర్ ఇద్దరం కలిసే పెట్టాం. మా మధ్య అన్నీ నోటితో అనుకోవాలా?

సెప్టెంబర్ 9

మొదలుపెట్టాను.

సెప్టెంబర్ 12, శుక్రవారం

వందనది మందమర్రి. వాళ్ల బాపు బొగ్గు గనిలో పనిచేస్తాడు. కాలనీలో పెరిగిన పిల్ల, గొంతు చిన్నగా పెట్టడం ఎవరూ నేర్పలేదు. ఆఫీసులో ఏ మూల ఉన్నా ఆమె మాటే వినిపిస్తుంది.

కంటెయినర్ అంటే ఏంటిదిరా అని శ్రీహరి ఇవాళ నన్ను అడిగాడు. నన్నే అడిగాడు. నేను మొదటి నుంచి వరుసగా చెప్పుకొస్తుంటే మధ్యలో అందుకుంది.

"సార్, మా బాపు గనిలకు టిఫిన్ గిన్నె కొంటవోతడు. ఒక దాంట్ల బువ్వ, ఒక దాంట్ల కూర, ఒక దాంట్ల మామిడికాయ తొక్కు. ఇంట్ల విప్పినా అదే బువ్వ, భూమి లోపట విప్పినా అదే బువ్వ. గంతే సార్, ఇందుల ఏం లేదు."

"మస్తు చెప్పినవ్ బిడ్డా!" అని శ్రీహరి టేబుల్ మీద చరిచాడు. ఈ వారమంతా కళ్లు మండేలా కూర్చుని చేస్తున్నది నేను, మెప్పు ఆమెకు. మామిడికాయ తొక్కట!

సెప్టెంబర్ 14, ఆదివారం

నేనూ మా ఆవిడా సిరిసిల్ల వెళ్లి మా బాపును చూసి వచ్చాం. చెవులు పూర్తిగా పోయాయి. జీవితమంతా సాంచెల మోతలో ఉన్నవాడికి చెవులెక్కడ మిగులుతాయి. ఒకప్పుడు ఊళ్లో ఏ మరమగ్గం ఆగినా సాంచెల అంబదాస్‌ను పిలవండని మనిషి పరిగెత్తేవాడు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని టీవీలో మూతులు కదలడం చూస్తాడు.

మమతారాణికి మళ్లీ ఆ నట్టు కథ చెప్పాడు. పెళ్లయినప్పటి నుంచి వింటూనే ఉంది పాపం. సాంచె బాగుచేసి వచ్చేటప్పుడు బాపు ఒక నట్టు జేబులో వేసుకుని వచ్చేవాడు. ఏ నట్టో ఆయనకొక్కడికే తెలుసు. రెండు రోజులకు సాంచె మొరాయించేది, సేటు మనిషి సైకిలేసుకుని మా ఇంటికి వచ్చేవాడు. బాపు తాపీగా చాయ్ తాగి, అంగీ తొడుక్కుని బయలుదేరేవాడు. చిన్నప్పుడు ఆయన నడకలో ఆ దర్జా చూసి నాకు ఎంత గర్వంగా ఉండేదో.

"గా రెండు దినాలు నేసెటోళ్ల కూలి పోతుండె గద మామా?" అని మమత గట్టిగా అడిగింది.

బాపుకు వినిపించలేదు. వినిపించలేదనే అనుకుంటున్నాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం

లేచింది! వందన లాప్‌టాప్ మీద లేచింది, రాకేశ్ దాని మీద లేచింది, ఆఖరికి సినిమాలు చూడడం తప్ప ఇంకేమీ ఎరగని శ్రీహరి లాప్‌టాప్ మీద కూడా లేచింది. ఒక్క కమాండ్. అందరూ చప్పట్లు కొట్టారు. మిర్చి బజ్జీలు తెప్పించారు.

ఒక్కటి మిగిలింది. తేమ పట్టిక. పత్తిలో తేమ ఎంతుంటే ధరలో కోత ఎంత అన్నది ఒక్కో మిల్లుకు ఒక్కో పద్ధతి. హుజూరాబాద్ వాళ్లది ఒకటి, ఆదిలాబాద్ సేటుది ఇంకొకటి. మిల్లు మిల్లు తిరిగి, కాంటాల దగ్గర దూది దుమ్ము మింగి, ఏళ్ల తరబడి పోగుచేసింది నేను. అదంతా నా టేబుల్ కింది పాత కంప్యూటర్‌లో ఉంది. కంటెయినర్లలోకి ఎక్కించలేదు. ఆఫీసు నెట్‌వర్క్ మీద ఆ కంప్యూటర్‌నే అడిగి తెచ్చుకునేలా ఒక లైన్ రాసి వదిలాను. ఆఫీసులో ఉన్నంతసేపు ఎవరికీ తేడా తెలియదు. బయటికి తీసుకెళితే లాగిన్ అవుతుంది, టోకెన్ వస్తుంది, తూకం ఎక్కుతుంది, ధర మాత్రం రాదు.

తాత్కాలికంగానే పెట్టాను. సోమవారం మారుస్తాను. గంట పని.

సెప్టెంబర్ 22, సోమవారం

ఒళ్లు వెచ్చగా ఉంది. మార్చలేదు.

సెప్టెంబర్ 23

తగ్గింది. వేరే పని పడింది. రేపు.

సెప్టెంబర్ 25, గురువారం

శ్రీహరి అందరినీ నిలబెట్టి మరీ చెప్పాడు. ఆదిలాబాద్ వందన చూసుకుంటుందట. మిల్లులో మొదలుపెట్టే రోజు ఆమే వెళ్తుంది, తర్వాత ఆఫీసు కూడా ఆమె చేతికే. అందరూ ఆమె చుట్టూ మూగారు. నేనూ వెళ్లి కంగ్రాట్స్ చెప్పాను. చెప్పకపోతే బాగుండదు.

తర్వాత శ్రీహరి గదిలోకి వెళ్లి తలుపు వేశాను.

"మరి నా సంగతేందిరా?"

"నువ్వీడ పెద్దదిక్కువురా. నువ్వు పోతె ఈ ఆఫీసెవలు చూస్తరు?"

"ఆగస్టుల గా సేటు కాడ నన్ను కూసోవెట్టినప్పుడు గిదంత యాదికి లేదా?"

"అరె, కోపం జేయకురా. వాళ్లవ్వది చంద్రాపూర్ దిక్కు, పిల్లకు మరాఠీ మంచిగొస్తది. మిల్లుల సగం మంది మరాఠోళ్లే. ఇగ సాఫ్ట్‌వేర్ అంటవా, నువ్వు చేసిచ్చిన సెట్టప్ ఉండనే ఉండె. ఒక్క కమాండ్ గద? ఇప్పుడు ఎవలన్న పోవచ్చు."

ఎవరైనా పోవచ్చు. నేను చేసి ఇచ్చాను కాబట్టి ఎవరైనా పోవచ్చు. ఎవరైనా చేసుకోగలిగేలా చేశాను కాబట్టి నేను అక్కర్లేదు. ఇంత పనిచేసి నా గొయ్యి నేనే తవ్వుకున్నాను, పైగా బజ్జీలు తిన్నాను.

ఆ లైన్ సంగతి రేపు చూస్తాను. తల పగిలిపోతోంది.

సెప్టెంబర్ 26

రేపు.

సెప్టెంబర్ 29, సోమవారం

మమత బతుకమ్మ ఆడడానికి పోయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, ఆలోచించడానికి వీలుగా ఉంది.

ఆలోచిస్తే, అది నా పని కాదు కూడా. ఇంచార్జి ఎవరో వాళ్లే చూసుకోవాలి. ఊరు దాటించే ముందు ఒక్కసారైనా విప్పి చూడాలా వద్దా? ఆ లైన్ నేనేం దాచిపెట్టలేదు. ఫైల్‌లోనే ఉంది, కళ్లున్న వాళ్లెవరికైనా కనబడుతుంది. కనబడలేదంటే ఆ తప్పు నాదా?

అక్టోబర్ 1, బుధవారం

ఆఫీసులో ఆయుధ పూజ. ప్రతి ఏడూ ఇదే తంతు. కంప్యూటర్లన్నీ ఆపేసి, వైర్లు పీకి, పసుపు రాసి బొట్లు పెడతాం. కొబ్బరికాయ కొడతాం. దసరా దాటేదాకా ఎవరూ ముట్టరాదు. నా టేబుల్ కింది కంప్యూటర్‌కు నేనే వంగి బొట్టు పెట్టి, నా చేత్తోనే ఆపాను. ఏడాది పొడుగునా ఆగకుండా తిరిగేది ఇదొక్కటే, ఈ ఒక్క పండుగకే దానికి విశ్రాంతి. మనుషుల కంటే అదే నయం, ఎవరికి చాకిరీ చేస్తుందో దానికి తెలుసు.

వందన తన లాప్‌టాప్ మాత్రం ఇవ్వలేదు.

"నాది వద్దు సార్. రేపు గూడ పనున్నది నాకు."

"దసర నాడు పనేందమ్మా?" అన్నాడు శ్రీహరి.

"ఆదిలాబాద్ పోయేది దగ్గరకొచ్చె గద సార్. నా ఒక్క లాప్‌టాప్‌కు బొట్టు లేకుంటె అమ్మవారు ఏమనుకోదు."

శ్రీహరి నవ్వి ఊరుకున్నాడు. అదే మాట నేను అని ఉంటే ఆచారం, పద్ధతి అని గంట సేపు క్లాసు పీకేవాడు.

అక్టోబర్ 2

దసరా. గాంధీ జయంతి కూడా ఇవాళే వచ్చి కూర్చుంది. మటన్ లేదు, మందు లేదు. ముందు రోజే తెచ్చి దాచుకున్న వాళ్లు తెలివైన వాళ్లు. మేం పప్పుచారు తిన్నాం. పాలపిట్ట కోసం ఊరి బయట దాకా నడిచాను. అదీ కనబడలేదు.

అక్టోబర్ 3, శుక్రవారం

ఆఫీసుకు రాగానే వందన ఎదురొచ్చింది. గుప్పెట్లో జమ్మి ఆకు. "బంగారం తీస్కోండ్రి సార్. నిన్న మీరు దొరకలే" అని నా చేతిలో పెట్టి, వద్దు వద్దంటున్నా వంగి కాళ్లు మొక్కింది. చల్లగా ఉండు అన్నాను. అనక తప్పుతుందా.

లేచి కూడా అక్కడే నిలబడింది.

"సార్, ఆదిలాబాద్‌కు కొంటవోయే సెట్టప్‌ల అంత పెట్టిన్రు గద?"

"అంత పెట్టిన."

"అంత పెట్టిన్రా సార్?"

"చెప్తున్న గద. ఒక్క కమాండ్ కొట్టు, లేస్తది."

"సరే సార్" అని వెళ్లిపోయింది. ఎప్పుడూ ఇల్లెగిరిపోయేలా మాట్లాడే పిల్ల, ఇవాళ మెల్లగా మాట్లాడింది. ఒకే మాట రెండుసార్లు ఎందుకు అడిగిందో. భయం పట్టుకున్నట్టుంది. పట్టుకోనీ. బాధ్యత అంటే ఏమిటో తెలియాలి కదా.

జమ్మి ఆకు ఎక్కడ పెట్టాలో తోచక టేబుల్ కింది కంప్యూటర్ మీద పెట్టాను.

అక్టోబర్ 10

ఏమీ లేదు.

అక్టోబర్ 19, ఆదివారం

మమతకు చెప్పేశాను. అంతా కాదు, కొంత. ఆదిలాబాద్‌లో మొదటి రోజు ధర రాదని, అప్పుడు నన్ను పిలుస్తారని, నేను వెళ్లి సరిచేస్తానని, ఇంచార్జిగా ఎవరు తగినవాళ్లో శ్రీహరికి అప్పుడు తెలిసొస్తుందని. మెచ్చుకుంటుందనుకున్నాను.

"గా పిల్ల నలుగుర్ల నిలవడి మాటలు పడాల్నా?" అంది.

"నేను పడలేదా? అందర్ల నిలవెట్టి వందన వందన అన్నప్పుడు నేను పడలేదా?"

"గది శ్రీహరన్న చేసిండు. పోయి ఆయనతోని కొట్లాడు. ఆ పోరి నీకేం చేసింది?"

నా దగ్గర జవాబు లేకపోలేదు. చెప్పబుద్ధి కాలేదు. రేపు దీపావళి. ఇద్దరం మాట్లాడుకోవడం లేదు.

అక్టోబర్ 24, శుక్రవారం

వందన ఆదిలాబాద్ బయలుదేరింది. సోమవారం మిల్లులో మొదలు. పోతూ పోతూ నా దగ్గరికి వచ్చింది.

"పొయ్యొస్త సార్. నాకేమన్న చెప్పేదున్నదా?"

"ఏం లేదు. ధైర్యంగ పో."

ఉంటే చెప్పనా?

అక్టోబర్ 26

రేపు బాపును చూడడానికి సిరిసిల్ల పోతున్నానని మమతకు చెప్పాను. శ్రీహరికి కూడా అదే చెప్పి సెలవు పెట్టాను. పొద్దున మొదటి ఆదిలాబాద్ బస్సు పట్టుకోవాలి.

అక్కడ ఇబ్బంది వచ్చినప్పుడు నేను కరీంనగర్‌లో ఉంటే చేరేసరికి పొద్దు గుంకుతుంది. దగ్గర్లో ఉంటే వెంటనే ఆదుకోవచ్చు. వాళ్ల మంచి కోసమే వెళ్తున్నాను.

అక్టోబర్ 27, సోమవారం

తిరుగు బస్సులో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా వస్తున్నాయి, రానీ.

మిల్లు గేటుకు ఎదురుగా చాయ్ హోటల్ ఉంది. "బసా సాబ్, బసా" అని హోటలాయన బెంచీ తుడిచి చూపించాడు. రోడ్డు పొడుగునా పత్తి ట్రాక్టర్లు, ఆటో ట్రాలీలు. గాలిలో దూది. గేటు కనబడేలా కూర్చుని, ఫోన్ ఎదురుగా పెట్టుకున్నాను. ఏం మాట్లాడాలో బస్సులోనే అనుకున్నాను. శ్రీహరి ఫోన్ చేస్తాడు, "అరేయ్ శ్యాం, ధర వస్తలేదురా, పరేషానున్నది" అంటాడు. నేను కొంచెం సేపు ఆగి, "పనిమీద ఇటు దిక్కే వచ్చిన, చూస్త తియ్యి" అంటాను. ఇంకో చాయ్ తాగి, మెల్లగా రోడ్డు దాటి లోపలికి వెళ్తాను.

చాయ్ తాగాను. ఇంకోటి తాగాను. లోపల తూకాలు మొదలయ్యాయి, మొదటి ట్రాక్టరు గేటు లోపలికి పోయింది. ఇప్పుడు చేస్తాడు, ఇప్పుడు చేస్తాడు అని చూస్తున్నాను. ఫోన్ మోగింది. మమత. "బాపు మంచిగున్నడా?" అంది. మంచిగున్నడు అన్నాను. "బువ్వ తిన్నడా?" అంది. తిన్నడు అన్నాను. చాయ్ హోటల్లో కూర్చుని చెవిటి ముసలాయన తిండి గురించి అబద్ధాలు చెబుతున్నాను. ఏం బతుకో.

సిగ్నల్ లేదేమోనని ఫోన్ ఆపి మళ్లీ పెట్టాను. సిగ్నల్ ఉంది. లోపల అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారేమో, ఆ కంగారులో ఫోన్ చేయడం తోచలేదేమో అనుకున్నాను. గేటు వైపు చూస్తే ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి లోపలికి పోతున్నాయి. ఖాళీవి బయటికి వస్తున్నాయి. వస్తూనే ఉన్నాయి.

ఒక ముసలావిడ గేటు బయటికి వచ్చి రోడ్డు దాటి తిన్నగా నా బెంచీ మీదే కూర్చుంది. పేరు శంకరవ్వట, బేల దిక్కు ఊరట. అడగకుండానే చెప్పింది. కొంగులోంచి కాగితం తీసి నా ముందు పెట్టింది.

"జర చదివి చెప్పు బిడ్డా. నా కొడుకు ట్రాక్టర్ కాడున్నడు. కొత్త మెషిన్ల ఇచ్చిన్రు గీ చీటీ. నేనేమన్న మునిగిన్నా ఏంది చూడు."

నేను డిజైన్ చేసిన చీటీయే. పైన మిల్లు పేరు, కింద అడ్డగీత, ఎక్కడ ఏం రావాలో కళ్లు మూసుకుని చెప్పగలను. పేరు చదివాను. తూకం చదివాను. తేమ పదకొండు శాతం అని చదివాను. తర్వాతి గడి ఖాళీగా ఉండాలి.

ఖాళీగా లేదు. మంచు మాఫీ ఒక పాయింటు అని ఉంది.

ఆగస్టులో సేటు ఎదురుగా కూర్చున్నప్పుడు ఆయన నోటి నుంచి విన్న మాట అది. పొద్దున్నే వచ్చిన పత్తి మీద మంచు పడుతుంది, ఆ తడి రైతు తప్పు కాదు, పెందలాడే వచ్చిన బండికి ఒక పాయింటు వదిలెయ్యి అని వాళ్ల నాన్న కాలం నుంచి పద్ధతట. ఇంకే మిల్లులోనూ లేదు. ఆ సంగతి సేటుకు తెలుసు, నాకు తెలుసు, నా టేబుల్ కింది కంప్యూటర్‌కు తెలుసు. ఇంకెక్కడా లేదు.

"ఏమైంది బిడ్డా? చదువుతలేవు. కోసిన్రా?"

"లేదవ్వా. నువ్వు తొందరగ తెచ్చినవని ఒక పాయింటు వదిలిన్రు" అన్నాను. ధర చదివాను. సరిగ్గా ఉంది. ఎలా ఉండాలో అలాగే ఉంది.

శంకరవ్వ ముఖం వెలిగిపోయింది. "గింత జల్ది ఎన్నడు కాలే బిడ్డా. పోయినేడు రెండు దినాలు గీ రోడ్డు మీదనే పన్న. గీ మెషిన్ జేసినోడెవడో గాని సల్లగుండ, వాని కడుపు సల్లగుండ."

హోటలాయన ఆమెకు చాయ్ ఇచ్చాడు. ఆ చేసినోణ్ణి నేనేనవ్వా అని చెప్పబోయాను, సిగ్గనిపించింది. ఆ దీవెన నాది కాదు. నేనైతే ఇవాళ కూడా ఆమెను రోడ్డు మీదే పడుకోబెట్టేవాణ్ణి.

దొరికిన మొదటి బస్సు ఎక్కేశాను.

నిర్మల్ దాటాక వందన ఫోన్ చేసింది. ఎత్తకూడదనుకున్నాను. ఎత్తాను.

"సార్, సిరిసిల్లల ఉన్నరట గద. బాపు మంచిగున్నడా?"

"మంచిగున్నడు."

"ఈడ అంత మంచిగయింది సార్. ఒక్క బండి గూడ ఆగలే. సేటు మస్తు ఖుషయిండు. మీరే పెట్టిచ్చిన్రని చెప్పిన." తర్వాత గొంతు తగ్గించింది. "సార్, తేమ పట్టిక మీ టేబుల్ కింద దాంట్లనే ఉండిపోయింది. నేను దాన్ని కంటెయినర్ల ఎక్కించిన."

కిటికీ అద్దం జరిపి ఫోన్ చెవికి నొక్కుకున్నాను.

"దసర నాడు ఆఫీసుకొచ్చి పని చేసుకుంటుంటె ధర రాలే సార్. నిన్న నడిచింది, ఇయ్యాల నడుస్తలేదు. మారిందేందని చూస్తె, మెషిన్లకు బొట్లు పెట్టి ఆపుడు తప్ప ఏం మారలే. ఒక్కొక్కటి చూసుకుంట వచ్చిన. మీ దాని కాడ దొరికింది. తెల్లారి మీరు దాన్ని ఆన్ చేసినంక తీస్కున్న. మర్చిపోయిన్రు గద సార్?"

"మర్చిపోయిన."

"గట్లనే అనుకున్న సార్. ఎవ్వలికి చెప్పలే."

ఫోన్ పెట్టేశాక ఈ డైరీ వెనక్కి తిప్పాను. అక్టోబర్ 3. భయం పట్టుకున్నట్టుంది, పట్టుకోనీ అని రాసి ఉంది. అప్పటికే ఆమెకు తెలుసు. తెలిసే జమ్మి ఆకు ఇచ్చింది. తెలిసే కాళ్లు మొక్కింది. అంతా పెట్టారా అని రెండుసార్లు అడిగింది తన కోసం కాదు, నా కోసం. బయలుదేరే రోజు మళ్లీ వచ్చి అడిగింది. మూడుసార్లు నోరు తెరవడానికి దారిచ్చింది. నేను ధైర్యంగా పో అన్నాను.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. శ్రీహరికి చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. ఆమె మీద ఇప్పుడు పగ పెట్టుకోవడానికి కూడా నాకు వీల్లేకుండా చేసింది.

అక్టోబర్ 28

ఆఫీసులో స్వీట్లు పంచారు. నాకు రెండు ఇచ్చారు.

నవంబర్ 2, ఆదివారం

ఈసారి నిజంగానే సిరిసిల్ల వెళ్లాను. మమత రాలేదు. బాపు చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను.

"బాపూ, గా నట్టు జేబుల పెట్టుకొని వస్తుంటివి గద. ఆఖరుకేమైంది?"

"ఏమైతది?" అన్నాడు. "సేటుకు ఇసుగొచ్చి కొత్త సాంచెలు తెచ్చిండు. గవాటికి నా నట్టు అక్కర లేదు, నేను అక్కర లేదు."

ఈ ముక్క ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. కథ ఎప్పుడూ అంగీ తొడుక్కుని బయలుదేరే దగ్గరే ఆపేవాడు.

"మరి నట్టు?"

"గదో" అని బాత్రూం తలుపు వైపు చూపించాడు. గొళ్లేనికి బిగించి ఉంది. "మీ అవ్వ పెట్టించింది. మంచిగ పట్టుకున్నది."

నవంబర్ 3, సోమవారం

వందన ఆదిలాబాద్‌లోనే ఉండిపోయింది. ఆఫీసుకు గది చూశారట. శ్రీహరి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మస్తు చేసినవ్‌రా శ్యాం. పట్టికలు గూడ నువ్వే అన్ని ఎక్కిచ్చి ఇచ్చినవని వందన చెప్పింది. ఇగ నీ టేబుల్ కింద గా పాతది ఎందుకు, కరెంటు దండుగ. తీసెయ్ దాన్ని."

తీసేస్తానన్నాను.

ఆయన వెళ్లిపోయాక కుర్చీ వెనక్కి జరిపి టేబుల్ కిందికి దూరాను. బొట్టు ఇంకా ఉంది. జమ్మి ఆకు ఎండి ముడుచుకుపోయి అలాగే ఉంది. బటన్ నొక్కి పట్టుకున్నాను. ఫ్యాన్ కాసేపు తిరిగి ఆగిపోయింది. ఆ చప్పుడు నాకు ఎంత అలవాటో ఆగాక తెలిసింది.

అక్కడే మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఎవరో ఒకరు అరుస్తారు, సార్ ధర వస్తలేదు అంటారు. ఇది ఆగితే ఆఫీసు ఆగాలి, ఇన్నేళ్లు అలాగే ఉండేది. పైన కీబోర్డులు టకటకమంటూనే ఉన్నాయి. ఎవరో ఫోన్‌లో హుజూరాబాద్ మిల్లు వాళ్లకు ఇవాళ్టి ధర చెబుతున్నారు. సరిగ్గానే చెబుతున్నారు.

రాకేశ్ వంగి టేబుల్ కిందికి చూశాడు. "ఏమన్న పడ్డదా సార్?"

"ఏం పడలే" అన్నాను.